ఎడమకు వంగని గుర్రం

2024 జూలై మూడో తేదీ, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నేను గుర్రం దిగాను. దిగేటప్పుడు రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాలి. కుడిది తాకింది. ఎడమ కాలు తుంటి దగ్గర పట్టు తప్పి పక్కకు పోయింది. జీను అంచు పట్టుకుని వేలాడుతున్న నన్ను చూసి, లాయంలో గుర్రాలను చూసుకునే సైసు పరుగెత్తుకొచ్చాడు.

"పట్టుకోనా అమ్మా?"

"నన్ను కాదు, గుర్రాన్ని పట్టుకో" అన్నాను.

అప్పటికి నాకు అరవై మూడేళ్లు. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం పొద్దున పదింటికి మొదలయ్యేది. దానికి ముందు, ఐదు నుంచి ఎనిమిది దాకా, జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. దాని పేరు డ్రెస్సాజ్.

అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరి. అంచుల వెంట ఇంగ్లీషు అక్షరాల పలకలు నిలబెట్టి ఉంటాయి. ఏ అక్షరం దగ్గర గుర్రం నడవాలో, ఎక్కడ పరుగందుకోవాలో, ఎక్కడ ఉన్నచోటనే గుండ్రంగా తిరగాలో ముందే రాసి ఉంటుంది. రౌతు గుర్రానికి చెప్పేదేదీ చూసేవాళ్లకు కనబడకూడదు. ఒక్కో కదలికకు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఈ ఆట చూడ్డానికి వచ్చిన మా ఆఫీసు వాళ్లు పది నిమిషాల్లో ఆవలించారు. మళ్లీ ఎవరినీ పిలవలేదు.

మా నాన్న కంటోన్మెంట్‌లో సిపాయిలకు స్వారీ నేర్పేవాడు. ఆడపిల్లకు నేర్పకూడదని రూలేమీ లేదు కాబట్టి నాకూ నేర్పాడు. నలభై ఒకటో ఏట మొదటిసారి విదేశీ జడ్జీల ముందు స్వారీ చేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో పంతొమ్మిది అంతర్జాతీయ పోటీలు. రెండు బయటి దేశాల్లో, అద్దె గుర్రాల మీద. తక్కినవి ఇక్కడే. అన్నిటిలోకీ పై స్థానం నాలుగు. మూడో స్థానానికీ నాకూ మధ్య ఉన్న తేడా సున్నా పాయింట్ రెండు శాతం. నాలుగో స్థానానికి చప్పట్లు కొడతారు, మెడలో ఏమీ వేయరు.

అవన్నీ నా సొంత పేరు మీద ఆడినవి. దేశం తరఫున ఒక్కసారి బరిలోకి దిగాలి. నాకు కావలసింది అంతే. మరుసటి వేసవిలో ఆసియా దేశాల పోటీ ఉంది. దానికి జట్టును ఎంపిక చేసే పోటీ సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన మా సికింద్రాబాద్‌లోనే. అరవై ఆరు శాతం తెచ్చుకున్నవాళ్లలో పై నలుగురు జట్టులో ఉంటారు. ఒక గుర్రం మీద ఒక్కరే పోటీ చేయాలి. ముందు రోజు సాయంత్రం ఆరు గంటల దాకా రౌతు పేరు మార్చుకోవచ్చు. గుర్రం పేరు పక్కన నా పేరు రాసి ఉంది.

గుర్రం నాది కాదు. రెజిమెంటల్ బజార్‌లో దాణా వ్యాపారం చేసే సేటుది. అల్వాల్ దాటాక ఆయనకు కొంత పొలం, అందులో లాయం, పిల్లలకు స్వారీ నేర్పే చిన్న బడి ఉన్నాయి. రేసుల్లో ఒక్కటీ గెలవని నాలుగేళ్ల గుర్రాన్ని తక్కువలో కొని నాకు అప్పగించాడు. బెల్లం రంగు ఒళ్లు, నల్ల జూలు, భయస్తపు కళ్లు. తొమ్మిదేళ్లు దాన్ని నేనే తయారుచేశాను.

దానిలో లోపం ఒకటే. ఎడమకు వంగదు. మా దగ్గర రేసు గుర్రాలు కుడిచేతి వైపే తిరుగుతాయి. రెండేళ్ల వయసు నుంచి రోజూ కుడికే పరుగెత్తిన గుర్రానికి ఎడమ పక్క బిగుసుకుపోతుంది. రేసు నుంచి వచ్చిన గుర్రాలతో పనిచేసే మా వాళ్లందరూ ఈ మాటే చెబుతారు. దానికి 'రేసు వంకర' అని పేరు కూడా పెట్టుకున్నాం. కొత్త గుర్రం లాయంలోకి రాగానే ఎడమకు తిప్పి చూడ్డం, బిగుసుకుంటే "రేసు వంకర" అనుకోవడం, అంతటితో ఆ విషయం ముగించడం మాకు అలవాటు. ప్రతి పోటీ తర్వాతా జడ్జీలు కాగితం మీద రాసేది కూడా అదే: ఎడమకు బిగువు.

ఆ వంకర తీయడానికి నేను వాడింది ఎడమ మడమ. డ్రెస్సాజ్ రౌతులు బూటుకు వెనక ఇనుప మొన ఒకటి కట్టుకుంటారు, దాన్ని స్పర్ అంటారు. ఎడమకు తిరిగిన ప్రతిసారీ ఆ మొన గుర్రం పొట్టకు ఆనించేదాన్ని. వంగకపోతే నొక్కేదాన్ని. తొమ్మిదేళ్లలో ఆ చోట వెంట్రుకలు తెల్లబడ్డాయి, రూపాయి బిళ్లంత మేర. తోలు గాయమై మానితే గుర్రానికి అక్కడ తెల్ల వెంట్రుకలు వస్తాయి. సైసు దానికి కొబ్బరి నూనె రాసేవాడు. రాయనిచ్చాను.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎడమ తుంటి కీలు అరిగిపోయింది. ఇది ఇవాళ్టిది కాదమ్మా. పది పన్నెండేళ్ల నుంచి ఉంది. ఇన్నాళ్లూ ఎలా కూర్చున్నారు?"

"గుర్రం మీద" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆపరేషన్ తప్పదన్నాడు. సెప్టెంబరు తర్వాత చేయించుకుంటానన్నాను. ఎనిమిది వారాలు గుర్రం ఎక్కొద్దన్నాడు. ఆ ఎనిమిది వారాలూ గుర్రాన్ని కట్టేస్తే అది పనికి రాకుండా పోతుంది. అందుకని మా చెల్లెలి కూతుర్ని ఎక్కించాను.

ఆ పిల్లకు అప్పటికి ఇరవై రెండేళ్లు. పదేళ్ల వయసు నుంచి నా దగ్గరే నేర్చుకుంది. మోకాలికీ జీనుకూ మధ్య పది రూపాయల నోటు పెట్టేదాన్ని. గంట తర్వాత నోటు అక్కడే ఉండాలి. పడిపోతే మర్నాడు రికాబులు తీసేసి గంటన్నర. మొదటి ఏడాది రికాబుల్లో కాళ్లు పెట్టిన రోజులు తక్కువ. తొడల లోపలి చర్మం ఊడి పాంట్‌కు అంటుకుంటే చెల్లెలు గోరువెచ్చని నీళ్లు పోసి ఊడదీసేది. పద్నాలుగో ఏట పడి భుజం దగ్గరి ఎముక విరిగింది. విరిగిందని నాకు తెలియదు. తెలిసినా ముందు గుర్రం ఎక్కించే ఆసుపత్రికి పంపేదాన్ని. పడినవాళ్లు పడిన చోటు నుంచి ఇంటికి వెళ్తే మళ్లీ రారు.

పిల్ల ఏడ్చేది కాదు. నవ్వించేది. "మా పెద్దమ్మ పుట్టినప్పుడు ఏడ్వనే లేదంట. గడియారం చూసి, ఏడు నిమిషాలు లేటు అన్నదంట" అని లాయంలో తక్కిన పిల్లలకు చెబుతుంటే విన్నాను. ఆ రోజు దానికి రికాబులు తీసేశాను. వాళ్లు మళ్లీ నవ్వారు.

"రోజూ నలభై నిమిషాలు" అని చెప్పాను. "నడక, ట్రాట్, కుడి చేతి క్యాంటర్. ఎడమ చేతి క్యాంటర్ ముట్టుకోవద్దు. అది నా పని."

ట్రాట్ అంటే గుర్రం వేసే చిన్న పరుగు. క్యాంటర్ అంటే ఊగుతూ వేసే పెద్ద పరుగు. కుడికి తిరిగేటప్పుడు కుడి ముందుకాలు ముందు పడాలి, ఎడమకు తిరిగేటప్పుడు ఎడమది. మా స్థాయి పోటీల్లో ఆ కాలును గాల్లో ఉండగానే మార్పించాలి. మూడడుగులకొకసారి, నాలుగడుగులకొకసారి. గుర్రానికి ఆ సంగతి చెప్పేది రౌతు తుంటి. ఇటు తుంటి ముందుకు జరిగితే ఇటు కాలు, అటు జరిగితే అటు కాలు. చూసేవాళ్లకు అది కనబడదు.

"సరే పెద్దమ్మా" అంది పిల్ల.

రోజూ బరి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను. చెప్పిందే చేసింది. ఆదివారం మాత్రం నేను వెళ్లేదాన్ని కాదు. ఏడింటికి చర్చిలో మొదటి ఆరాధన. అరవై ఏళ్లుగా మానలేదు, ఇది అందరికీ తెలుసు.

ఆగస్టు పదకొండు ఆదివారం పాస్టరు గారికి జ్వరం వచ్చి పొద్దుటి ఆరాధన లేదన్నారు. చర్చి గేటు దగ్గరే ఆటో మాట్లాడుకుని లాయానికి వెళ్లాను. చీర కట్టుకుని, చేతిలో బైబిలుతో.

సేటు తవుడు బస్తా మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"అరె మేడం! ఇయ్యాల చర్చి లేదా?"

ఆయన అడిగిన తీరుకే ఏదో జరుగుతోందని అర్థమైంది. బరి వైపు చూశాను. గుర్రం ఎడమ చేతి క్యాంటర్‌లో ఉంది. మెడ వదులుగా దించి, నోట్లో కళ్లెం నములుతూ, ఎడమకు వంగి, పెద్ద గుండ్రంలో వస్తోంది. పిల్ల చేతుల్లో పగ్గాలు బిగువుగా లేవు. బూట్లకు స్పర్ లేదు. మధ్యలో కాలు మార్పించింది, మళ్లీ మార్పించింది, ఉన్నచోటనే ఎడమకు ఒక చుట్టు తిప్పింది. ఆ చుట్టుకు జడ్జీలు నాకెప్పుడూ నాలుగు దాటి వేయలేదు. అక్కడ నిలబడి నేనే మార్కు వేశాను. ఏడున్నర.

"దిగు" అన్నాను.

దిగలేదు. గుర్రాన్ని నడకలోకి తెచ్చి నా ముందు ఆపింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఐదు ఆదివారాలు."

"ముట్టుకోవద్దన్నాను."

"అన్నవు. నాకు ఇది ఎందుకు వంగదో చూడాలనిపించింది. మొదటి రోజే వంగింది పెద్దమ్మా. నేనేం చెయ్యలే. కూసున్న అంతే."

"రేసు వంకర ఒక్కరోజులో పోదు."

"రేసు వంకర లేనే లేదు దీనికి." గొంతు పెంచలేదు. అది నేను నేర్పిందే. తప్పు చెప్పేటప్పుడు గొంతు పెంచకూడదు. "దీనికంటే ముందు నువ్వెక్కిన ఎర్ర గుర్రం ఎడమకు వంగలే. నల్లది వంగలే. అవి సుత రేసువే అన్నవు, సరే. మరి పిల్లలకు స్వారీ నేర్పే పొట్టి గుర్రం? అది పుట్టి రేసే చూడలే. అది నా కింద వంగుతది, చిన్న పిల్లల కింద వంగుతది, నువ్వెక్కితే వంగదు. నువ్వెక్కిన గుర్రాలన్నీ ఎడమకే వంకరనా పెద్దమ్మా?"

సేటు చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. సైసు గడ్డి మోపు అక్కడే దించి అక్కడే నిలబడిపోయాడు.

"పొట్టి గుర్రం తెమ్మను" అన్నాను.

తెచ్చారు. డాక్టరు వద్దన్న ఎనిమిది వారాల్లో ఇంకా రెండున్నర మిగిలి ఉన్నాయి. స్టూలు వేయించుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. పిల్లను గుర్రం దిగి, ఫోనులో వీడియో తీస్తూ వెనక నడవమన్నాను. ఎడమకు ఒక్క గుండ్రం, నడకలోనే. దిగి ఆ వీడియో చూశాను.

అందులో ఒక ముసలామె ఎడమ పక్కకు కుప్పకూలి కూర్చుని ఉంది. ఎడమ తుంటి లోపలికి ముడుచుకుంది, ఎడమ భుజం దిగింది, ఒంటి బరువంతా కుడికి జారింది. ఎడమకు తిరగమని కళ్లెంతో చెబుతూ, తిరగొద్దని ఒంటితో చెబుతోంది. తిరగనందుకు మడమతో పొడుస్తోంది. స్పర్ లేదు, చెప్పులే. అయినా కాలు తనంతట తాను పొడుస్తోంది. రెండోసారి చూశాను. మూడోసారి అక్కర్లేకపోయింది. లెక్క తేలింది. తొమ్మిదేళ్లు ఆ గుర్రం నేను చెప్పినట్టే చేసింది, చేసినందుకు దెబ్బలు తింది.

"పేరు మార్పిద్దామా మేడం?" సేటు మెల్లగా అడిగాడు. "పోరి జబర్దస్త్ చేస్తుంది. మీ పోరియే కదా. పేరు మీకే వస్తది."

"పేరు నాదే ఉంటుంది" అన్నాను.

"పెద్దమ్మా."

"వంకర నాదని ఒప్పుకున్నాను. ఇప్పుడు గుర్రానికి ఏ వంకరా లేదని నువ్వే చూపించావు. ఇంకా మంచిది. వంకర లేని గుర్రం మీద వెళ్తాను."

"నీకు తుంటే లేదు!"

"డాక్టరు ఎనిమిది వారాలన్నాడు, మానెయ్యమనలేదు."

పిల్ల ముందుకొచ్చింది. నా ఎదురుగా నిలబడితే నాకంటే ఒక తల పొడుగు. "ఇంకో గుర్రం ఈ లెక్కకు రావాలంటే తొమ్మిదేండ్లు పడ్తది. అప్పటికి నాకు ముప్పై ఒకటి."

"అప్పటికి నాకు డెబ్బై రెండు" అన్నాను.

పిల్ల సేటు వైపు తిరిగింది. ఆయన చేతులు రెండూ పైకెత్తాడు. "నన్ను నడుమల తేకుండ్రి తల్లీ. మేడంకు నోటి మాట ఇచ్చిన. గుర్రం నాదే గానీ, మాట సుత నాదే. మేడం, మీరే జెర సోంచాయించుండ్రి."

ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఆ పిల్ల మేలు కోరేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. నా మేలు కోరే పని నాకొక్కదానికే ఉంది.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన మళ్లీ గుర్రం ఎక్కాను. అది మారిపోయింది. తొమ్మిదేళ్లు నా మాట సగం విని, సగం చెవిన పెట్టకుండా బతికిన గుర్రం, ఎనిమిది వారాల్లో ప్రతి మాటా వినడం నేర్చుకుంది. ఎడమ క్యాంటర్‌లో నా తుంటి జారితే కాలు మార్చేసింది. నేను మార్చమనలేదు. సరిచేసుకున్నాను. మళ్లీ జారింది, మళ్లీ మార్చింది. ఏ తప్పూ లేకుండా, చెవులు ముందుకు పెట్టి, మెప్పు కోసం ఎదురుచూస్తూ మార్చింది.

బరి బయట నుంచి పిల్ల అంది: "ఇప్పుడు అది నువ్వు చెప్పిందే చేస్తది పెద్దమ్మా. నువ్వేం చెప్తున్నవో నీకే తెల్వదు."

ఆ నెలంతా ఎక్కువగా కుడికే తిప్పాను. ఎడమకు వెళ్లినప్పుడు కొద్దిసేపే, ఒళ్లంతా బిగబట్టి. స్పర్ కట్టుకోలేదు. తుంటికి మాత్రలు పొద్దున రెండు, రాత్రి ఒకటి. పిల్ల రోజూ వచ్చింది. నా ఎడమ భుజం దిగినప్పుడల్లా "భుజం" అనేది. పన్నెండేళ్లు నేను దానికి చెప్పినట్టే, పెంచని అదే గొంతుతో. నేర్పిన పాఠం చెక్కుచెదరకుండా ఉంది. ఒక పొద్దున పట్టలేని కోపంతో "నీ వయసుకు ఊయల కుర్చీ ఉంటది పెద్దమ్మా, అది ఎడమకూ కుడికీ పోదు, నీకు మస్తు సెట్ అయితది" అంది. సైసు నవ్వాపుకోలేక బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబరు ఇరవై ఏడు సాయంత్రం ఐదున్నరకు పిల్ల మా ఇంటికి వచ్చింది. పేరు మార్చే గడువుకు ఇంకా అరగంట. కూర్చోలేదు.

"కింద ఆటోను మీటర్ మీద ఆపిచ్చిన. ఆఫీసు పది నిమిషాల దూరం. నువ్వు ఒక్క సంతకం పెడితే చాలు."

"ఆటో పంపించెయ్యి, చార్జీ దండగ."

"పన్నెండేండ్లల్ల నేను నిన్ను ఏదన్న అడిగిన్నా?"

"లేదు."

"ఇది అడుగుతున్న."

నేను కూర్చున్నచోటి నుంచి లేవలేదు. గోడ గడియారంలో ఆరయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడింది. ఆ తర్వాత కిందికి దిగింది. ఆటో వాడు వెయిటింగ్‌కు ఎంత తీసుకున్నాడో అడగలేదు. అడిగి ఉండాల్సింది, ఇచ్చేదాన్ని.

మర్నాడు నా వంతు ఎనిమిది గంటల నలభై నిమిషాలకు. కంటోన్మెంట్ మైదానంలో బరి. ముగ్గురు జడ్జీలు, ఒకరు విదేశీయుడు. బరిలోకి వెళ్లబోయే ముందు రౌతు బూట్లు తుడవాలి, ధూళి ఉండకూడదు. ఆ పని సైసుది. పిల్ల వాడి చేతిలో గుడ్డ లాక్కుని తనే తుడిచింది. కుడి బూటు తుడిచి, ఎడమ వైపు వచ్చి ఆగిపోయింది.

"స్పర్ కట్టుకున్నవ్."

"పోటీకి కట్టుకుంటారు."

"రబ్బరు మొనది ఉంది నా సంచిల. అది కట్టుకో."

"గంట కొడుతున్నారు."

"ఎడమ మడమ ఆనియ్యకు. గంతే. ఇంకేం అడగ."

ఎడమ బూటు కూడా తుడిచింది. శుభ్రంగా, మడమ దాకా.

లోపలికి వెళ్లి, ఆగి, జడ్జీలకు తల వంచాను. ట్రాట్ భాగమంతా బాగుంది. కుడి క్యాంటర్ నా జీవితంలో చేసినవాటన్నిటిలోకి మంచిది. అది పిల్ల చేసిన పని ఫలితం, నాకు తెలుసు. మనసులో మార్కులు కూడుకుంటూ పోయాను. డెబ్బై శాతం దగ్గర ఉన్నాను. అప్పుడు ఎడమకు తిరిగాను.

మూలలో తుంటి జారడం తెలిసింది. నొప్పి కాదు, ఖాళీ. నా కిందున్న గుర్రం ఆ జారుడును విని, కాలు మార్చడానికి వెన్ను ఎత్తింది. అది మార్చితే తప్పు, మూడు మార్కులు కూడా రావు. మార్చకుండా ఆపడానికి నా దగ్గర ఒకటే దారి ఉంది. ఎడమ మడమ నొక్కాను. గుర్రం ఒళ్లు బిగుసుకుంది, కాలు మార్చలేదు. చుట్టు తిరిగేటప్పుడు మళ్లీ నొక్కాను. నాలుగడుగుల మార్పుల్లో మళ్లీ, మూడడుగుల మార్పుల్లో మళ్లీ. పన్నెండు వారాలుగా మొన తగలని చోట. చెవులు వెనక్కి పడుకున్నాయి. చెప్పింది మాత్రం చేసింది. చివరి గీత మీద నడిచి, ఆగి, మళ్లీ తల వంచాను. నా లెక్క ప్రకారం అరవై ఆరు మీద కొంచెం.

బయటికి వచ్చాక ప్రతి గుర్రాన్నీ ఒక పక్కకు తీసుకెళ్లి గాయాలున్నాయేమో చూస్తారు. ఆ రోజు చూసినామె తెల్లటి చేతి తొడుగులు వేసుకుంది. కుడి పక్క పొట్ట మీద చెయ్యి ఆనించి తీసింది. తెల్లగానే ఉంది. ఇంకో తొడుగు వేసుకుని ఎడమ పక్కకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మైకులో నా మార్కు చెప్పారు. అరవై ఆరు పాయింట్ నాలుగు. సేటు "షాబాష్ మేడం!" అని గట్టిగా అరిచాడు. పిల్ల కూడా చప్పట్లు కొట్టింది. కొట్టింది, నేను చూశాను.

తొడుగు మీద ఎర్రటి గీత.

"సారీ మేడం" అంది ఆమె. గొంతు తగ్గించింది.

"చూపించండి."

చూపించింది. "చాలా కొంచెమే. అర అంగుళం కూడా లేదు. కానీ..."

"రూల్లో ఇంత అని లేదు. రక్తం అని ఉంది. రాసుకోండి" అన్నాను.

రాసుకుంది. కొద్దిసేపటికి మైకులో మళ్లీ నా పేరు వచ్చింది, తొలగించినట్టు. గుర్రం పేరు కూడా చెప్పారు. ఆ ఎంపికలో ఆ గుర్రానికి ఇక ఏ రౌతుతోనూ చోటు లేదు.

నేనింకా జీను మీదే ఉన్నాను. ఎవరైనా పట్టుకోకపోతే దిగలేను. పిల్ల వచ్చి పగ్గాలు పట్టుకుంది. నన్ను పట్టుకోలేదు.

"కంగ్రాట్స్ పెద్దమ్మా" అంది. "ఎడమకు మస్తు వంగింది."

సైసు నన్ను దించాడు. పిల్ల అక్కడికక్కడే జీను విప్పి నేలమీద పెట్టింది. నా జీను దుమ్ములో పెట్టడం అదే మొదటిసారి. బకెట్లో ఉప్పునీళ్లు కలిపి గాయం కడిగింది. గుర్రం వణికింది. దాని మెడకు తల ఆనించి ఏదో చెప్పింది, నాకు వినబడలేదు. ఆ తర్వాత దాన్ని వ్యాను దాకా నడిపించుకుని వెళ్లింది. వెనక్కి తిరగలేదు. పోటీ ముగిశాక వెనక్కి చూడకూడదని నేర్పింది కూడా నేనే.

అక్టోబరులో పిల్ల బెంగళూరు వెళ్లిపోయింది. అక్కడ ఎవరివో గుర్రాలను జీతానికి తిప్పుతోంది. పోటీల్లో ఆ గుర్రాల మీద ఎక్కేది వాటి యజమాని కూతురట. ఈ సంగతి చెప్పింది సైసు. మా చెల్లెలు అల్వాల్‌లో మా పక్క వీధిలోనే ఉంటుంది. చర్చిలో ఇప్పుడు రెండో ఆరాధనకు వస్తోంది, నేను మొదటిదానికి వెళ్తాను కాబట్టి.

నవంబరులో నా తుంటి కీలు మార్చారు. గుర్రం మళ్లీ ఎక్కకూడదని డాక్టరు ఈసారి కాగితం మీదే రాశాడు. జనవరిలో సేటు మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, గుర్రాన్ని అమ్మేశానని చెప్పాడు. ఎక్కేవాళ్లు లేని గుర్రానికి దాణా పెట్టలేనన్నాడు. ఎవరికని అడిగాను.

"బోయిన్‌పల్లి దిక్కు పెండ్లి బారాత్ గుర్రాలు పెట్టేటాయనకు. తక్లీఫ్ ఏం లేదు మేడం, మంచిగనే చూస్కుంటడు. బ్యాండు ముందట డ్యాన్స్ మస్తు చేస్తదని మురిసిండు. మీరు నేర్పిందే కదా."

చాయ్ ఇచ్చాను. తాగి వెళ్లాడు.

పోయినవి ఇవి. జట్టులో చోటు ఒకటి. అది నాకూ రాలేదు, పిల్లకూ రాలేదు, ఢిల్లీ నుంచి వచ్చిన ఒకతను తీసుకున్నాడు. తొమ్మిదేళ్లు తయారైన గుర్రం ఒకటి. పన్నెండేళ్లు తయారైన రౌతు ఒకరు. చెల్లెలు ఒకరు. నా సొంత తుంటి కీలు ఒకటి. అరవై ఆరు పాయింట్ నాలుగు శాతం.